నాలుగు ఎర్ర అరికాళ్ళు

జూలై 27, శనివారం

ఈ పుస్తకం మిర్తి ఇచ్చింది. అట్ట మీద తను పనిచేసే హోటల్ పేరు బంగారు అక్షరాల్లో ఉంది. "మనసులో ఉన్నది ఇందులో రాసుకో అమ్మా, నాన్న మీద కేకలు తగ్గుతాయి" అంది నా కూతురు. తగ్గుతాయో లేదో చూద్దాం.

ఇవాళ పనిముట్ల పండగ. ఉలులన్నీ కడిగి చాప మీద పేర్చాను, పెద్దవి వెనక, చిన్నవి ముందు, మొత్తం ముప్ఫై ఏడు. రంపాలు, బాడిస, బావగారి దగ్గర తెచ్చి తొమ్మిదేళ్ళయినా తిరిగివ్వని చిత్రిక కూడా పెట్టాను. కొబ్బరాకు దొప్పల్లో పూలు, అగరొత్తులు, తీర్థం. ఇవాళ వాటిని పనికి ముట్టకూడదు. రోజూ చెక్కని కొరికేవాటికి ఒక్క రోజైనా సెలవుండాలి.

మా ఆయన చాప ముందు కూర్చుని గాల్లో చెయ్యి విసిరాడు. కాసేపాగి మళ్ళీ విసిరాడు.

"ఏంటయ్యా అది?"

"ఈగలు."

ఈగలేమీ లేవు. "అగరొత్తుల పొగ కంట్లో పడింది, వెళ్ళి కడుక్కో" అన్నాను. కడుక్కుని వచ్చాడు. పోయాయా అంటే పోయాయన్నాడు.

ఆయనకి ఉన్నది ఒక్క కన్నే. కుడికన్ను ఇరవై రెండో ఏట చెక్కపేడు ఎగిరి పడి పోయింది. మా పెళ్ళి అయ్యాక నెల రోజులకి. అందుకే నా రెండు కళ్ళనీ ఆయన చూసింది ఆ నెల రోజులే, మిగిలిన నలభై ఏళ్ళూ ఒకటిన్నర చూశాడని ఎగతాళి చేస్తాను. పాత హాస్యం. ఇంకా నవ్వుతాడు.

జూలై 30, మంగళవారం

ఉబుద్‌లో వచ్చే నెల ముప్ఫైన పాత శిల్పుల ప్రదర్శన. మా ఆయన చెక్కిన బొమ్మ ఒకటి అడిగారు. ఆ ప్రదర్శన పనులు చూసుకునే గుస్తి అర్సన ఫోన్ చేశాడు.

"బొమ్మ కింద పీట గురించి దిగులు పడకు తాతా. తెల్ల రంగు పెట్టెలు చేయిస్తున్నాం, అన్ని బొమ్మలకీ ఒకే రకం."

"మా ఆవిణ్ణి తీసుకెళ్ళి ఫ్రిజ్ డబ్బా మీద నిలబెడతావా?" అని ఈయన ఫోన్ పెట్టేశాడు.

మా ఆవిణ్ణి అన్నాడు! ఆ బొమ్మ నేను కాదని నాలుగు నెలలుగా ఒట్టేస్తున్నాడు. ఒడిలో చెక్క పెట్టుకుని, తల వంచుకుని, ఉప్పు కాగితంతో రుద్దుతున్న ఆడమనిషి. ఈ ఇంట్లో అలా కూర్చునేది ఎవరు? నేనే కదా అంటే "నీకంత పొడుగు మెడ ఎక్కడుందే" అంటాడు. ముక్కు మాత్రం మా అత్తగారిది. దిద్దిన ముక్కు, ఎత్తి కొట్టినా చెక్కుచెదరదు.

ఆ చెక్క మా పెరటి పనసచెట్టుది. ఇంటి గుడి మీదకి ఒరిగిపోతోందని పోయినేడు కొట్టించాం. బొమ్మకి పోను ఒక్క పలక మిగిలింది. పీట దానితోనే చెయ్యాలంటాడు. పీట చెయ్యడం ఆయన ఎవరికీ వదలడు. "పీట బాగుందని ఎవడన్నా అన్నాడంటే ఆ పీట చెడిపోయినట్టే, బొమ్మ ఒక్కటే కనపడాలి" అని నలభై ఏళ్ళుగా చెప్పిందే చెబుతున్నాడు.

మధ్యాహ్నం పెన్సిలు పట్టుకుని పలక మీద గీత గీశాడు. వంకరపోయింది. చెరిపాడు. రెండోది ఇంకా వంకర. పెన్సిల్ని తిట్టి విసిరేశాడు. పెన్సిలేం చేసింది పాపం.

ఆగస్టు 2, శుక్రవారం

నేనే కోశాను!

"నువ్వు రుద్దేదానివి రెనింగూ, కోసేదానివి కాదు" అన్నాడు ముందు.

"నలభై ఏళ్ళు నువ్వు కోస్తుంటే పక్కన కూర్చుని ఏం చూశాననుకున్నావు, నీ అందమా?"

బెంచీ మీద కూర్చుని చెబుతూ వచ్చాడు. ముందు పలక పక్క నుంచి పైబల్లకి ఒక ముక్క తీసి పెట్టాను, మిగిలింది కాళ్ళకి. నాలుగు కాళ్ళు. ఒక్కోటి మోకాలెత్తు, పైన నాలుగు వేళ్ళ వెడల్పు, కిందకి వచ్చేసరికి రెండు వేళ్ళు. పాత వార్తాపత్రికలో కాలు ఆకారం కత్తిరించి పలక మీద పెట్టుకున్నాను. మూడే పట్టాయి. నాలుగోది సగం బయటికి పోతోంది.

"నాలుగు రావట్లేదయ్యా."

"ఎందుకు రావు? నేను చూశాగా. వస్తాయి. సరిగ్గా పెట్టుకో."

సరిగ్గా పెట్టుకున్నాను. గంప అడుగున చేపలు సర్దినట్టు ఒకదాని తల ఇటు, పక్కదాని తల అటు. లావు పక్కన సన్నం వచ్చేసరికి నాలుగూ కుదురుగా పట్టేశాయి, వేలెడు చెక్క కూడా వృథా పోలేదు. రంపం నేనే తోశాను, గీత తప్పలేదు. "వచ్చాయా?" అన్నాడు. "వచ్చాయి" అన్నాను. ఎలా వచ్చాయో చెప్పలేదు. ఆయన కూడా ఇంత పొదుపుగా కొయ్యలేదెప్పుడూ.

ఇవాళ నాకు రెండు ముద్దలు ఎక్కువే సహించాయి.

ఆగస్టు 5, సోమవారం

కాళ్ళ పైకొసలు నాలుకల్లా చెక్కి, పైబల్లలో బెజ్జాలు తొలిచాను. ఒక్క ఇనుప మేకు లేదు, అన్నీ చెక్క శీలలే.

రంపపు పొట్టులో అక్కడక్కడా ఎర్రగా కనిపించింది. వేలు తెగిందేమోనని చూసుకున్నాను. తెగలేదు. ఊడ్చేశాను.

ఆగస్టు 6, మంగళవారం

పీట నిలబడింది. బొమ్మని ఎక్కించాను. కొద్దిగా వెనక్కి వాలుతోంది, బరువంతా ఆవిడ వెనకే ఉంది (ఇది మాత్రం నా పోలికే). వెనక కాళ్ళ కింద వెదురు పేడు పెట్టాను.

"చూడవయ్యా" అంటే "రేపు పొద్దున వెలుతుర్లో చూస్తా" అన్నాడు. అప్పుడు మధ్యాహ్నం మూడు గంటలు. పెరడంతా ఎండ.

ఆగస్టు 7, బుధవారం

డెన్పసార్ పట్నం. ఆసుపత్రి వరండా.

పొద్దున అన్నం తింటున్నాడు. "ఏమే, సగమే పెట్టావేంటి?" అన్నాడు. పళ్ళెం నిండా ఉంది. "సగమే ఉంది" అన్నాడు మళ్ళీ. కంట్లో కింది నుంచి నల్లటి తెర లేస్తోందట. దాని మీద నుంచి తొంగి చూస్తున్నట్టు మెడ ఎత్తాడు. ఎంత ఎత్తినా తెర కూడా ఎత్తుకొచ్చింది.

బావగారి కారులో వచ్చాం. దారంతా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు, పెళ్ళిలో కూడా అంత గట్టిగా పట్టుకోలేదు.

ఆగస్టు 8, గురువారం

కంటి వెనక పొర ఊడిందట. ఆపరేషన్ చేశారు.

డాక్టరమ్మ చిన్నపిల్ల, మిర్తి కంటే చిన్నది. ఓపిగ్గా చెప్పింది. "పొరని అతికించాం బామ్మా. అది ఊడకుండా కంట్లో గాలిబుడగ పెట్టాం. బుడగ ఎప్పుడూ పైకే పోతుంది కదా, తాతగారు మొహం నేలకి పెట్టి ఉంటే అది కంటి వెనక్కి వెళ్ళి పొరని నొక్కి పట్టుకుంటుంది. పధ్నాలుగు రోజులు. తిన్నా, పడుకున్నా, ఏం చేసినా తల కిందకే."

"చూపు వస్తుందా?"

"పొర అతుక్కుంటే వస్తుంది. బుడగ కరిగేకొద్దీ తెలుస్తుంది. అప్పటిదాకా నేను మాటివ్వలేను."

ఆగస్టు 9, శుక్రవారం

నేను భయపడటం లేదు.

ఆగస్టు 10, శనివారం

ఇంటికి వచ్చాం. తల ఎక్కడ పెట్టాలన్నది పెద్ద సమస్య. దిండు మీద బోర్లా పడుకుంటే ఊపిరాడదు, కూర్చుని వంగితే మెడ పట్టేస్తుంది. బెంచీ చివర గుండ్రంగా బెజ్జం కోసి, అంచుకి పాత చీర చుట్టాను. అందులో మొహం పెట్టి పడుకోవచ్చు, కింద గిన్నె పెడితే గొట్టంతో నీళ్ళు తాగొచ్చు. గంటలో అయిపోయింది.

"బాగుందే. దీనికి కాళ్ళు ఎన్ని?" అన్నాడు బెజ్జంలోంచి.

"నీ నోటికి కూడా బెజ్జంలో జాగా దొరికింది కదా, చాలు."

బొమ్మకి పీట చేశాను, మనిషి తలకీ పీట చేశాను. ఇద్దరూ తలలు వంచుకునే ఉన్నారు.

ఆగస్టు 11, ఆదివారం

కంట్లో చుక్కలు. పొద్దున ఎనిమిది, పన్నెండు, నాలుగు, రాత్రి ఎనిమిది. ఎర్ర మూతది ముందు, తెల్ల మూతది అయిదు నిమిషాలాగి.

ఆగస్టు 12, సోమవారం

రాయాలా వద్దా అని పొద్దుటి నుంచి అనుకుంటున్నాను. రాస్తున్నాను. ఎవరూ చదవరు కదా.

చేతులు ఊరుకోక, బొమ్మని దించి పీటని బోర్లించాను, అరికాళ్ళు రుద్దుదామని. నాలుగు అరికాళ్ళలో రెండింటికి ఎర్రరంగు ఉంది. రెండింటికి లేదు.

ఆ రంగు ఆయన పూసింది. చెట్టు కొట్టిన రోజునే, చెక్క చెక్కకీ మొదలు వైపు ఎర్రరంగు పూసి పెడతాడు, తర్వాత ఏది వేరు వైపో ఏది చిటారు వైపో మర్చిపోకుండా. చెట్టు ఎలా నిలబడిందో చెక్క కూడా అలాగే నిలబడాలి. మొదలు కింద, కొస పైన. ఇది చెప్పించుకుని నేర్చుకునేది కాదు, మా వాళ్ళలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. తలకిందులు చేసిన స్తంభం ఉన్న ఇంట్లో మనుషులు నిలదొక్కుకోరంటారు.

తలాతోకా వేసి కోశాను. నాలుగు వచ్చాయని మురిసిపోయాను. రెండు కాళ్ళు తలకిందులుగా దిగగొట్టాను. వాటి ఎర్ర మొదళ్ళు పైబల్ల బెజ్జాల్లో ఉన్నాయి, నా చేత్తో నేనే చెక్కి దాచిపెట్టాను. ఆ రోజు పొట్టులో ఎరుపు చూశాను కూడా. వేలు చూసుకున్నాను తప్ప చెక్క వంక చూడలేదు.

మంగళవారం పీట నిలబెట్టాను. బుధవారం ఆయన కన్ను పోయింది. డాక్టరమ్మ తల కిందకి పెట్టమంది.

అక్కడ తలకిందులు, ఇక్కడ తలకిందులు.

ఆగస్టు 13, మంగళవారం

అది పీటే కదా. ఇంటి స్తంభమేం కాదు. స్తంభాలకే ఆ నియమం.

పీట మీద గుడ్డ కప్పాను. దుమ్ము పడకుండా.

చుక్కలు వేశాను. ఆయన "ఏమైంది, చెయ్యి చల్లగా ఉంది" అన్నాడు. నీళ్ళు ముట్టుకున్నానని చెప్పాను. స్తంభాలకే ఆ నియమం.

ఆగస్టు 14, బుధవారం

బావగారు వచ్చారు. వయాన్ సుకద అంటే ఈ చుట్టుపక్కల ఇళ్ళు కట్టేవాళ్ళకి గురువు, ఈయనకి సొంత అన్న. ఆయన చేతి మీదుగా లేచిన స్తంభాలు ఊళ్ళో సగం ఇళ్ళని మోస్తున్నాయి. వచ్చీ రాగానే బెంచీ పక్కన చతికిలబడి బెజ్జం కింద తొంగిచూశారు.

"ఏరా, వారం నుంచి నేలని చూస్తున్నావు, ఏమన్నా దొరికిందా?"

"చీమలున్నాయన్నా. కనపడవు, కుడుతున్నాయి."

"పోనీలే, నీ ముక్కు నేలకి దగ్గరగా చూడటం ఇదే మొదటిసారి. ఎప్పుడూ ఆకాశంలోనే ఉండేది."

కాఫీ ఇచ్చి పెరట్లోకి తీసుకెళ్ళాను. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఏదో మామూలుగా అడిగినట్టు అడిగాను.

"బావగారూ, మొదలు కిందకి పెట్టాలన్న నియమం స్తంభాలకేనా? పీట కాళ్ళకి కూడా ఉందా?"

ఆయన గ్లాసు కింద పెట్టారు. "నిలబడేది ఏదైనా చెట్టే అమ్మాయ్. ఎవరు పెట్టారు తలకిందులుగా?"

"పక్క ఊళ్ళో ఒకావిడ."

"ఏ ఊళ్ళో?"

"మీకు తెలీదు లెండి."

ఇళ్ళు కట్టడానికి చుట్టుపక్కల ఆయన తిరగని ఊరు లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను వెళ్ళి పీట మీద గుడ్డ సర్దాను. ఆ గుడ్డ మోకాళ్ళ దాకే వచ్చింది, కాళ్ళు బయటే ఉన్నాయి. ఆయన అటు చూశారు. చూసి, కాఫీ గ్లాసు తీసుకున్నారు.

"ఆవిడ మొగుడికి కన్ను పోయింది బావగారూ" అన్నాను. "దానివల్లేనంటారా?"

ఆయన గ్లాసు అడుగున మడ్డి తిప్పుతూ కూర్చున్నారు. తర్వాత ఎప్పుడూ నాతో మాట్లాడనంత మెత్తగా అన్నారు.

"కాకి వాలింది, తాటిపండు పడింది. పండు పడ్డదని కాకిని ఉరి తీస్తావా? నేను కట్టిన ఇంట్లో మనిషి పోయాడు, తలకిందులుగా కట్టినవాడి ఇంట్లో తొంభై ఏళ్ళు బతికారు. చెట్టు మన మీద పగ పట్టదు అమ్మాయ్. దానికి వేరే పనులున్నాయి."

"మరి ఆ నియమం ఎందుకు?"

"మర్యాద. అంత పెద్ద ప్రాణాన్ని కొట్టి తెచ్చుకున్నాం, కనీసం తలకిందులుగా నిలబెట్టకూడదు కదా. ఆ పక్కూరావిడకి చెప్పు, మొగుడి కన్ను డాక్టర్లు చూసుకుంటారు, కాళ్ళు ఆవిడ చూసుకోవాలి. తప్పని తెలిశాక అలాగే వదిలేస్తే చెట్టుకి నిద్ర పడుతుంది, ఆవిడకి పట్టదు."

వెళ్ళేటప్పుడు శీలలు ఊడగొట్టే మొండి ఉలి, చెక్క సుత్తి మా అరుగు మీద మర్చిపోయారు. బావగారు మర్చిపోయే మనిషి కాదు. తొమ్మిదేళ్ళుగా చిత్రికని వారానికోసారి అడుగుతున్నారు.

ఆగస్టు 15, గురువారం

ఇవాళ ఈ పుస్తకం మొదటి నుంచి చదివాను. చుక్కలు ఏ రోజు మొదలుపెట్టానో చూద్దామని తెరిచాను, మొదటి పేజీ దగ్గరే ఆగిపోయాను.

జూలై ఇరవై ఏడు. ఈగలు.

పలక మీద రంపం పెట్టింది ఆగస్టు రెండున. ఈగలు ఆరు రోజుల ముందే వచ్చాయి. నా అక్షరాలే, నా చేతి రాతే. డాక్టరమ్మ అడిగింది కూడా, ముందు నల్లచుక్కలు కనిపించాయా అని. అప్పుడు నాకు గుర్తు రాలేదు.

నా పీట కాళ్ళ వల్ల కాదు! నేలమీద కూలబడి ఏడ్చాను. ఎంత తేలికైపోయానో చెప్పలేను, ఎవరో నా గుండెల మీద నుంచి రోకలి తీసినట్టుంది.

కాసేపయ్యాక మిగతాది కూడా చదివాను. పొగ అన్నది నేనే. వెళ్ళి కడుక్కోమన్నది నేనే.

ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళి ఉంటే? ఇది చెట్టు మీదకి నెట్టడానికి లేదు. ఇది నాది. కాని రోకలి కాదు. మొయ్యగలను.

ఆగస్టు 16, శుక్రవారం

శీలలు ఊడగొట్టాను. నాలుగు కాళ్ళూ విడివిడిగా చాప మీద పడుకోబెట్టాను.

ఇంకో పలక లేదు. ఉన్న వాటినే తిప్పాలి. తలకిందులైన రెండింటినీ సరిగ్గా నిలబెడితే లావు వైపు కిందకి వస్తుంది, సన్నం పైకి పోతుంది. పాత నాలుకలు కోసెయ్యాలి, కొత్తవి సన్నకొసన చెక్కాలి. అంటే అవి మూడు వేళ్ళు పొట్టి అవుతాయి. అవి పొట్టి అయితే మిగతావీ పొట్టి చెయ్యాలి.

రెండు సన్న పాదాలు, రెండు లావు పాదాలు. ఇలాంటి పీట ఎవరైనా చూశారా? అయినా సరే. నా దగ్గరున్న చెట్టు ఇదే.

"ఏం కొడుతున్నావే?" అన్నాడు బెజ్జంలోంచి.

"కొబ్బరికాయ."

"ఎన్ని కాయలు?"

సుత్తికి గుడ్డ చుట్టాను.

ఆగస్టు 17, శనివారం

మా దేశపు స్వాతంత్ర్య దినం. పొద్దుటి నుంచి మైకు. మైదానంలో నూనె పూసిన పోకమాను ఎక్కే పోటీ. ఈయన మొహం బెజ్జంలో పెట్టుకునే వ్యాఖ్యానం చెబుతున్నాడు: "జారాడు... ఇంకోడు జారాడు... వాడి భుజం మీద వీడు..." ఏం కనపడకుండానే. మైకు మోతని బట్టి చెబుతున్నాడు. అన్నీ సరిగ్గానే చెప్పాడని మిర్తి వచ్చి చెప్పింది.

ఆగస్టు 19, సోమవారం

అయిపోయింది.

సన్నకాళ్ళు ముందు, లావుకాళ్ళు వెనక పెట్టాను. బొమ్మని ఎక్కించాను. వెదురు పేడు పెట్టబోయి ఆగాను. వాలలేదు. వెనక బరువుని లావు పాదాలు పట్టుకున్నాయి. చుట్టూ తిరిగి చూశాను, తోసి చూశాను. కదల్లేదు. లేవబోతున్న ఆవులా ఉంది, వెనక కాళ్ళ మీద బలం పెట్టి.

తిప్పిన కాళ్ళ అడుగున ఎరుపు నాలుకలతో పాటు తెగిపోయింది. ఆయన రంగు డబ్బా వెతికి తీసి, నాలుగింటికీ కొత్తగా పూశాను. పెళ్ళికూతురికి పారాణి పెట్టినట్టుంది. ఇది మోసం కాదు. ఇప్పుడు నాలుగు మొదళ్ళూ నిజంగానే కింద ఉన్నాయి.

ఆగస్టు 21, బుధవారం

రేపటితో పధ్నాలుగు రోజులు. రేపు డాక్టరమ్మ చూస్తుంది. ఇవాళ్టికి ఆయనకి వెలుతురు తెలుస్తోంది, నీళ్ళలోంచి చూస్తున్నట్టుందట, ఆకారాలు లేవు. "బుడగ ఊగుతోంది" అంటాడు. అంతకుమించి అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు ఇన్నాళ్ళూ.

పదకొండు గంటలకి ఎండ సరిగ్గా బెంచీ కిందకి వచ్చింది. బొమ్మని దించి, పీటని తీసుకొచ్చి బెజ్జం కింద బోర్లించాను. అరికాళ్ళు ఆయన మొహం వైపుకి. పీటని తలకిందులుగా పెట్టదగ్గ చోటు ఈ ఇంట్లో ఇదొక్కటే.

"ఏం కనిపిస్తోంది?"

"నీ ప్రశ్న."

"వేళాకోళం వద్దు. ఏం కనిపిస్తోంది?"

ఆయన వీపు మీద చెయ్యి వేశాను. ఊపిరి బిగబట్టి ఉన్నాడు.

"ఎరుపు" అన్నాడు.

మాట్లాడితే చెదిరిపోతుందేమో అనిపించింది.

"ఎరుపే. ఇక్కడొకటి. ఇటొకటి."

"మొత్తం ఎన్ని?"

"రెండు."

నాలుగు పూశాను. నా చేత్తో నాలుగు పూశాను.

"తొందరపెట్టకు" అన్నాడు, నేనేమీ అనకపోయినా. "బుడగ అడ్డం వస్తోంది, పోనీ దాన్ని. ఆ... అటు వైపు ఉన్నాయి. పెద్దవి. పెద్దవి రెండు. నాలుగు. నాలుగున్నాయే రెనింగూ!"

చెయ్యి కిందకి చాపి ఒక్కోదాన్నీ తాకాడు, తడబడకుండా. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నేను నేల మీద కూర్చుండిపోయాను. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు, రెండూ ఒకేసారి వచ్చాయి.

కాసేపటికి ఆయనే అన్నాడు. "నాలుగూ ఒకేలా కొయ్యమన్నాగా? ఈ రెండూ ఏనుగు కాళ్ళలా ఉన్నాయేంటి?"

చెప్పేశాను. తలాతోకా వేసిన దగ్గర్నుంచి పక్కూరావిడ దాకా మొత్తం చెప్పాను. పొగ అన్నది కూడా చెప్పాను. చెబుతుంటే ఆయన చెయ్యి పీట పాదాన్నే పట్టుకుని ఉంది.

"శీలలు ఊడగొడితే ఒక మోత, కొబ్బరికాయ కొడితే ఒక మోత" అన్నాడు. "నలభై ఏళ్ళ నుంచి వింటున్నా, నాకు తెలీదా? కన్ను కదా పోయింది, చెవులు కాదు."

"మరి అడగలేదేం?"

"అడిగితే నా సంగతి కూడా చెప్పాలి."

"నీ సంగతేంటి?"

బెజ్జంలోంచి మాట కిందకి పడుతోంది. నేను బెంచీ కింద చేరి విన్నాను.

"ఆ పలక నాకు కనపడలేదే. నాలుగొస్తాయి, నేను చూశా అన్నాను చూడు, నేనేమీ చూడలేదు. అప్పటికే మసక. మూడు కాళ్ళే వస్తాయని నువ్వన్నప్పుడు ఒప్పుకుని ఉంటే మూడు కాళ్ళ పీటే చేసేదానివి. ఒప్పుకుంటే కనపడట్లేదని తెలిసిపోతుంది. నువ్వు పొగ అన్నావు, నాకూ ఆ మాట నచ్చింది. పొగ అయితే పోతుంది కదా."

ఇద్దరం కాసేపు అలాగే ఉన్నాం, ఆయన బెంచీ మీద, నేను కింద, మధ్యలో నాలుగు ఎర్ర అరికాళ్ళు.

"ముసలి దొంగా" అన్నాను.

"పక్కూరావిడా" అన్నాడు.

ఆగస్టు 22, గురువారం

పొర అతుక్కుంది. డాక్టరమ్మ నాలుగుసార్లు దీపం వేసి చూసింది. మునుపటంత చూపు రాదట, సన్నపని కష్టమట. అయినా మనుషులు కనిపిస్తారు, దారి కనిపిస్తుంది, అన్నం మొత్తం కనిపిస్తుంది.

ఆయన తల ఎత్తాడు. పధ్నాలుగు రోజుల తర్వాత నా మొహం చూసి, "మెడ నిజంగానే పొట్టి" అన్నాడు.

డాక్టరమ్మ ఎదురుగానే కొట్టాను, మెల్లగానే.

ఆగస్టు 31, శనివారం

ఇవాళ చెట్ల పండగ. పొద్దున్నే గంజి కాచి చెట్టు చెట్టు మొదట్లోనూ పెట్టాను, మానుని తట్టి "ఇంకో పాతిక రోజుల్లో గలుంగన్ పండగ, బాగా విరగకాయాలి తల్లీ" అని చెప్పాను. పనసచెట్టు మోడుకి కూడా పెట్టాను. పక్కన చిగురు వేసింది, రెండాకులు. దాన్ని తట్టలేదు, వేలితో ముట్టుకున్నాను. క్షమించమని అడుగుదామనుకుని, అడగలేదు. అడగాల్సిన పని ఉన్నట్టు అనిపించలేదు. ఆయన వెనక నుంచి "దానికి రెండు గరిటెలు వెయ్యి, పాపం మనతో చాలా పడింది" అన్నాడు.

నిన్న ప్రదర్శన. హాలు నిండా తెల్ల పెట్టెలు, వాటి మీద బొమ్మలు. మధ్యలో మాది ఒక్కటే చెక్క పీట మీద. జనం వచ్చారు, నిలబడ్డారు, ఆవిడ చేతుల గురించి మాట్లాడారు, మెడ వంపు గురించి మాట్లాడారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. గుస్తి అర్సన వచ్చి "తాతా, ఇలా కూర్చున్న బొమ్మ నేనెక్కడా చూడలేదు, ఇప్పుడే లేచి పని అయిపోయిందని చెప్పేలా ఉంది" అన్నాడు. బావగారు మూడుసార్లు చుట్టూ తిరిగి, నా చేతిలోంచి సంచీ తీసుకుని మోశారు. చిత్రిక సంగతి కూడా ఎత్తలేదు.

రెండు గంటలు అక్కడే నిలబడ్డాను. వచ్చిన వాళ్ళలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు కూడా పీట వంక చూడలేదు. నా కడుపు నిండిపోయింది.

బయల్దేరే ముందు ఆయన నల్లకళ్ళద్దాలు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, తల బాగా వంచి పీట అడుగుకి చూశాడు. ఏదో పారేసుకున్నాడనుకుని ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. "ఏం లేదు బాబూ, అలవాటైపోయింది" అన్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని లేచి, నా చెవి దగ్గర నోరు పెట్టి, ఎవరికీ వినపడకుండా అన్నాడు.

"పీట బాగుంది."

నలభై ఏళ్ళుగా ఆయన నోట వింటున్న లెక్క ప్రకారం అయితే నా పీట చెడిపోయినట్టే.

చుక్కలు ఈ పూట ఆయనే వేసుకున్నాడు. ఒక్క చుక్క కూడా బయట పడలేదు.